కరిగే పదార్థంలో దాగే వేడి



కిలో మంచు కరిగి నీరు కావడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అది లోపలికి వెళ్తున్నంతసేపూ థర్మామీటరు సున్నా దగ్గరే ఉంటుంది. అదే వేడితో కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. గ్లాస్గోలో శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ 1760ల్లో గుర్తించిన ఈ గుప్తోష్ణంతో ఇల్లంతా వెచ్చగా ఉంచాలని పూనుకున్న ఒకావిడ గురించి మీకు చెప్పాలి.

మారియా టెల్కెస్ హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ శాస్త్రవేత్త. 1948లో మసాచుసెట్స్‌లోని డోవర్‌లో ఒక ఇల్లు లేచింది. వేడి ఏర్పాటు టెల్కెస్‌ది, నమూనా ఎలినార్ రేమండ్‌ది, డబ్బు అమీలియా పీబాడీది. అద్దాల వెనుక ఎండకు కాగిన గాలిని ఫ్యాన్లు డ్రమ్ముల దగ్గరికి తోసేవి. వాటిలోని గ్లాబర్ లవణం సుమారు 32 డిగ్రీల దగ్గర కరిగి వేడిని దాచుకునేది, రాత్రి గడ్డకడుతూ తిరిగి ఇచ్చేది. మొదట్లో బాగానే నడిచింది. కానీ కరగడం, గడ్డకట్టడం మళ్లీ మళ్లీ జరిగేసరికి లవణం విడిపోయి అడుగున పేరుకుంది. కొన్ని శీతాకాలాలకే దాన్ని తీసేసి మామూలు ఫర్నేసు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆమె ఓడిపోయిందని నేను అనను. వెయ్యోసారి కూడా ఈ పదార్థం మొదటిసారిలాగే పనిచేస్తుందా అన్న అసలు ప్రశ్న ఆ డ్రమ్ముల నుంచే వచ్చింది. లవణం విడిపోకుండా చిక్కబరిచే పదార్థాలు, సమయానికి గడ్డకట్టేలా బోరాక్స్ కలపడం ఆ వెతుకులాటలో దొరికినవే. పారాఫిన్ మైనానికి విడిపోయే బెడద లేదు కానీ, వేడి దానిలోకి చాలా నెమ్మదిగా పాకుతుంది.

ఇదే గుప్తోష్ణ సూత్రం మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పసిపిల్లల ప్రాణాలు కాపాడుతోంది. కరెంటు పోయినా, టీకాల ఫ్రిజ్ గోడల్లోని మంచు గంటల తరబడి 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లదనాన్ని నిలబెడుతుంది. టీకాలతో ఊళ్లోకి వెళ్లే ఏఎన్‌ఎం నర్సు ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను వెంటనే టీకాల పెట్టెలో పెట్టరు. ఊపి చూసి, లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే పెడతారు. మంచు కరగడం మొదలైందంటే సున్నాకు చేరినట్టు. అంతకన్నా చల్లగా ఉంటే హెపటైటిస్ బి టీకా గడ్డకట్టి పాడైపోతుంది. గుప్తోష్ణాన్ని ఆ నర్సు కన్నా చక్కగా వాడుకునేవాళ్లను నేను చూడలేదు.

పట్టభద్రులైన మీలో కొందరు రేపు చేపల బండ్లకు, కూరగాయల గోదాములకు ఇలాంటి పదార్థాలు తయారుచేస్తారు. ల్యాబ్‌లో పదిసార్లు కరిగి గడ్డకట్టిందని సంబరపడకండి. మన మే నెల ఎండలో, మన కరెంటు కోతల్లో వేలసార్లు పరీక్షించండి. ఎన్నోసారికి చెడిందో కూడా దాచకుండా నివేదికలో రాయండి.