ముద్ర వేయువాని బాధ్యత



మన సంఘపు విద్యానిధి సాయముతోఁ జదివిన యువకులలోఁ బలువురు ఇంజనీర్లగుచున్నారు. ఇది మనకెల్లరకు సంతోషము. వారికిని, వారిని జదివించిన దాతలకును నేఁడొక చిక్కుప్రశ్న విన్నవింపఁ దలఁచితిమి.

ఒక కొమ్మనుండి త్రాడు వ్రేలాడుచున్నది. ఇరువురు దానిఁ బట్టుకొని, ఒకరి క్రింద నొకరు వ్రేలాడుచున్నారు. ఎవరి చేతులు వారి బరువునే మోయుచున్నవి. అంతలోఁ గ్రిందివాఁడు త్రాటిని విడిచి, పైవాని కాళ్ళకు వేఱొక త్రాడు గట్టి దానిఁ బట్టుకొనెననుకొనుఁడు. కొమ్మపై భారము మాఱినదా? లేదు. పైవాని చేతులపైనో? రెట్టింపైనది. బాలురు సైతము విప్పఁగల ప్రశ్న యిది. దీనిని వేళకు విప్పకపోవుటచే 114 మంది మరణించిరి.

అమెరికాలోని కాన్సాస్ సిటీ నగరమున హయత్ రీజెన్సీ హోటలు 1980లోఁ దెఱవఁబడెను. అందలి విశాలమైన ముందుసాలలో నాలుగవ అంతస్తు నడవయు, సరిగా దాని క్రిందనే రెండవ అంతస్తు నడవయు ఉక్కు కడ్డీలచే వ్రేలాడుచుండెను. మొదటి నమూనా ప్రకారము ఒక్కొక్క కడ్డీ పైకప్పునుండి రెండు నడవల గుండ ఏకముగా దిగవలయును. అంత పొడవునకు మరలు చెక్కుట కష్టమని ఉక్కుపనివారు దానిని రెండుగాఁ జేసిరి: పైకప్పునుండి పై నడవ కొకటి, పై నడవనుండి క్రింది నడవ కొకటి. కాగితముపై నది యల్పమైన మార్పు. కాని పై నడవ దూలమును మోయు నట్టుపై రెండు నడవల బరువును బడెను. మొదటి నమూనాయే నగర నిబంధనలు కోరిన బలములో నూటికి సుమారు 60 వంతులే కలిగియుండెనని పిదప విచారణలోఁ దేలెను. 1981 జూలై 17వ తేది సాయంకాలము, క్రింద నృత్యవినోదము జరుగుచుండఁగా, నడవలు రెండును గూలెను.

ఆ మార్పును లెక్కవేసి చూచినదెవరు? ఇంజనీర్లను టెలిఫోనులో నడిగితిమని ఉక్కుపనివారనిరి. అట్టి సంభాషణ జరుగలేదని ఇంజనీర్లనిరి. పటములపై మాత్రము ఇంజనీరు ముద్ర యుండెను. 1979లో, నిర్మాణ కాలముననే, ఆ సాల పైకప్పులోఁ గొంత భాగము కూలెను. అప్పుడైనను ఈ కూడలిని సరిగాఁ బరీక్షించిన వారు లేరు. తుదకు మిస్సోరీ రాష్ట్రమున ఇరువురు ఇంజనీర్ల అధికార పత్రములు రద్దయ్యెను. పని యొరులు చేసినను ముద్ర వేసినవాఁడే బాధ్యుఁడని తీర్పు వచ్చెను.

యువకులారా! వారికి గణితము రాక కాదు. "ఒరులు చూచియుందురు" అను నమ్మకమే ఆ నడవలను గూల్చినది. మార్పు చిన్నదని యెవరేని చెప్పినపుడే కాగితము తీసి మరల లెక్కవేయుఁడు.

దాతలారా! మనలో ఇండ్లు, మిల్లులు, కల్యాణమంటపములు కట్టించువారు గలరు. "మన పిల్లవాఁడే గదా, సంతకము చేయఁడా?" యని కమ్మి తగ్గింపఁ జూచుటయు, ముహూర్తము దాటుచున్నదని తొందర పెట్టుటయు మనలో లేకపోలేదు. బంధుత్వము గొప్పదే, కాని దూలమునకు బంధువులు లేరు. ఉపకార వేతనముతో మన ఋణము తీఱదు. పని యాపుమని నిలిచినందుకు మన బిడ్డ యుద్యోగము పోయిననాఁడు, ఆతనికిఁ దోడు నిలుచుట సంఘధర్మమని యీ మహాసభ గుర్తింపవలయునని మా విన్నపము.