వీరుల లెక్క



మన కొలకలూరు గ్రంథాలయ రజతోత్సవమున నన్నును నాలుగు మాటలు పలుకుమనిరి. నేను పండితుడను గాను; పగలు పద్దులు వ్రాసికొని, రాత్రి భారతము చదువుకొన్నవాడను.

“ఈ కాలమున వీరులెక్కడ? పరిశీలించినచో ప్రతివానియందును లోపమే” యని యువకులు అనుచున్నారు. వారి శంకను నిందింపను. శంక తనిఖీ వంటిది. తనిఖీ లేని పద్దును నమ్మరాదు. వ్యాసుడును తనిఖీ చేసెను. ద్రోణవధవేళ ధర్మరాజు ఆడిన మాటను దాచక, నేలనంటని యాతని రథము నేలకు దిగెనని చెప్పెను. అయినను ఆతని పేరు కొట్టివేయలేదు.

దూరమేల? మన గుంటూరు జిల్లాలోని పెదనందిపాడు ఫిర్కాను చూడుడు. 1922 తొలినాళ్ళలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు నిరాకరించిరి. జప్తులు వచ్చినవి, దండు దిగినది. శాంతిసేనవారు క్రమము తప్పలేదు. గ్రామోద్యోగులనేకులు రాజీనామాలొసగిరి. కరణీకమనగా ఆనాడు తరతరముల మిరాశి. ఇంటికి అన్నము, ఊరిలో మర్యాద. దానిని ఒక్క కాగితముతో వదలుకొనుట ఎంతటి పనియో లెక్కలు వ్రాయువారికి తెలియును.

ఆ ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన పిమ్మట గాంధీజీ శాసనోల్లంఘనమును ఆపివేసిరి. రైతులు శిస్తు చెల్లించిరి. “మఱి మిగిలినదేమి?” యని అడుగువారు గలరు. శిస్తుపద్దులో ఏమియు మిగులలేదు. కాని వసూలు చేయు చేతులు మనవేయనియు, అవి ఆగినచో దొరతనమే ఆగుననియు పల్లెలు ఎఱిగినవి.

వీరుడనగా లోపము లేనివాడని కాదు. పొలము కొలుచు గొలుసు వంటివాడాతడు. గొలుసు లేనిచో గట్టు ఎంత జరిగినదో తెలియదు. వీరుని కథ లేనిచో మనమెంత జాఱితిమో తెలియదు. శంకయొక్కటే మిగిలిన ఊరిలో లంచమును చూచి “అందఱును అంతే” యని ఊరకుండుట అలవాటగును. అది వివేకము కాదు, అన్యాయమునకు ఊతము.

నాయకుల పేళ్ళు గ్రంథములకెక్కినవి. రాజీనామా వ్రాసిన కరణముల పేళ్ళు, జప్తుకు పశువులను విడిచిన కుటుంబముల పేళ్ళు పాత పెట్టెలలోని కాగితములలో మాసిపోరాదు. మన గ్రంథాలయమున వానికొక పుస్తకము తెఱువవలెనని నా కోరిక. యువకులారా! మీ శంకతోనే రండు. విన్నదంతయు వ్రాయవలదు, కాగితముతో సరిచూచి, లోపమున్న లోపమును గూడ వ్రాయుడు. తనిఖీకి నిలిచిన పేరును మీ బిడ్డలు నమ్ముదురు.

సెలవు.