కెర్నెలు నిర్మాణమునందలి చిక్కులు
(యానాము సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘపు పాత కంప్యూటరునందు 1954కు పూర్వపు ఫ్రెంచి దస్తావేజుల నకళ్లు కలవు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు కెర్నెలును మొన్న దానికై నేనే కంపైలు చేసితిని. యంత్రమును తెరువగా, రూటు ఫైలు వ్యవస్థను మౌంటు చేయజాలనని చెప్పి కెర్నెలు ఆగిపోయినది. దస్తావేజులు పోయినవని నా గుండె జారినది. పోలేదు, డిస్కును చదువు డ్రైవరే కరవైనది.

కారణము వినుడు. ఆ డ్రైవరును కెర్నెలులో కలుపక మాడ్యూలుగా విడిచితిని. మాడ్యూలు డిస్కుమీదనే యున్నది. తాళపుచెవిని లోపల నుంచి పెట్టెకు తాళము వేసినట్లైనది! డిస్కు కంట్రోలరు, ఫైలు వ్యవస్థ డ్రైవర్లకు ‘ఎమ్’ గాక ‘వై’ గుర్తు పెట్టి కెర్నెలులోనే కలుపవలెను; లేదా వానిని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అను మూటగా కట్టి, గ్రబ్ చేత కెర్నెలుతోపాటు మెమరీలోనికి ఎక్కింపవలెను. నేను మొదటిదే చేసితిని.

నన్ను కాపాడినది గ్రబ్ పట్టికలో మిగిలిన పాత కెర్నెలు. యువకులు తొందరపడి దానిని చెరిపివేయుదురు, అట్లు చేయకుడు. దానితో యంత్రమును లేపి, ‘ఎల్ఎస్‌పిసిఐ -కె’ అను ఆజ్ఞచే ఏ పరికరమునకు ఏ డ్రైవరో కాగితముపై వ్రాసికొంటిని. బూట్ డైరెక్టరీలోని పాత కాన్ఫిగ్ ఫైలుతో మొదలిడినచో సగము శ్రమ తప్పెడిది.

మరునాడు డిస్కు కనబడినది గాని వైర్‌లెస్ పలుకలేదు. డ్రైవరున్నది, ఫర్మ్‌వేర్ ఫైలు లేదు. కెర్నెలు సందేశములలో దాని పేరే యున్నది. తెచ్చి పెట్టగా పలికినది.

దస్తావేజుల రెండవ నకలును వేరొక డిస్కుపై నిన్ననే తీసితిని.