రెల్లు చేసిన మేలు
(ఫరంపేటలో చేసిన ప్రసంగపాఠము)



గౌతమి లంకలలో నాటకయే పెరుగు రెల్లును మనము పనికిరాని గడ్డి యందుము. కాని అది చెరకునకు జ్ఞాతి. 19వ శతాబ్ది చివర గోదావరి డెల్టాలోని చెరకుతోటలను ఎర్రకుళ్ళు తెగులు పాడుచేసెను. ఆ బాధ తీర్చుటకే 1902లో మన చేరువనున్న సామర్లకోటలో పరిశోధన క్షేత్రము వెలసెను. 1912లో కోయంబత్తూరు సంస్థ ఏర్పడగా, అచట బార్బరు, వెంకట్రామన్ గారలు తీపిచెరకును రెల్లుతో సంకరము చేసిరి. 1918లో పంజాబు రైతులకు కో 205 అందెను. పిమ్మట కో 419 దక్షిణాది నేలలకు సరిపడెను.

అయినను మేము మనవి చేయునదొకటి కలదు. ఎంత మేలుజాతియైనను రోగపు ముచ్చెలతో చెడును. ముచ్చెలు కొట్టుటకు ముందు గడను చీల్చి చూడుడు. ఎర్రని కండలో అడ్డముగా తెల్లమచ్చలు, పులిసిన వాసన ఉన్నచో ఆ తోట విత్తనము తేవలదు, ఇరుగుపొరుగునకు ఈయవలదు.