సైరను మోగేలోపల
(పొలసరలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



గంజాం జిల్లాలో దసరా దగ్గరపడితే పండుగ సరంజామాతోపాటు ఆకాశం వంక చూడడం కూడా మనకు అలవాటైపోయింది. 1999 అక్టోబరు 17న ఒక తుఫాను గోపాల్‌పూర్, బరంపురం ప్రాంతాలను తాకింది. అదే నెల 29న పారాదీప్ వైపు వచ్చిన మహాతుఫాను సుమారు పదివేల ప్రాణాలను బలిగొన్నది. 2013 అక్టోబరు 12న, సరిగ్గా దుర్గాష్టమి నాడు, ఫైలిన్ గోపాల్‌పూర్ వద్దనే తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లకు మించి వీచినా మృతుల సంఖ్య పదులతో ఆగింది. సుమారు పది లక్షలమందిని ముందుగానే సురక్షిత స్థలాలకు తరలించడమే ఇందుకు ముఖ్య కారణం. మహాతుఫాను నేర్పిన పాఠంతో 2001లో సాయుధ పోలీసుల నుండి ఏర్పడిన ప్రత్యేక రక్షణ దళం, మనమంతా ఓడ్రాఫ్ అని పిలుచుకొనేది, అప్పటికి సిద్ధంగా ఉంది. ఇల్లు విడిచి రామని మొండికేసినవారిని పోలీసులు నచ్చజెప్పి, కొన్నిచోట్ల గట్టిగా చెప్పి మరీ తరలించవలసి వచ్చింది. గాలి తగ్గగానే రంపాలతో చెట్లు కోసి దారి తెరిచిన పనిలో అగ్నిమాపక సిబ్బందికి పెద్ద భాగం ఉంది. నిప్పు ఆర్పేవారికి చెట్లతో ఏమి పని అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. దారి తెరుచుకోనిదే అంబులెన్సు కదలదు.

అయితే గాలి ఆగినంత మాత్రాన ఆపద ఆగదు. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటింది. పక్కనే ఉన్న గజపతి జిల్లా బరఘర గ్రామంలో, వానకు తలదాచుకొన్న చోటనే కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా మరణించారు.

తుఫానుకు కొన్ని రోజుల ముందే హెచ్చరిక వస్తుంది. బావిలో పడ్డవానికి, గదిలో మంటల మధ్య చిక్కినవానికి అటువంటి హెచ్చరిక రాదు. నేను ముఖ్యంగా చెప్పదలచినది ఈ రెండవ రకం ఆపదను గురించే.

మొదట ఫోను సంగతి. 112కు చేస్తే పోలీసు, అగ్నిమాపక, వైద్య సేవలు మూడింటికీ కబురు చేరుతుంది. నేరుగా అగ్నిమాపక కేంద్రానికి 101, అంబులెన్సుకు 108 ఉన్నాయి. అవతల పలికే గొంతు ఒడియాలోనో హిందీలోనో పలుకుతుంది. బరంపురం బజారులో తెలుగుతో నెగ్గుకు వచ్చినట్లు ఇక్కడ నెగ్గలేము. భయంలో మనిషికి మాతృభాషే నోటికి వస్తుంది, అందులో తప్పేమీ లేదు. కాని ఆ కంగారులో పోయే నిమిషాలు తిరిగి రావు. కాబట్టి మూడు మాటలు పిల్లల చేత కూడా కంఠతా పట్టించండి. ‘నియాఁ లాగిఛి’ అంటే నిప్పంటుకొన్నది. ‘కూఅరే పడిఛి’ అంటే బావిలో పడ్డారు. ‘భితరే లోక అఛంతి’ అంటే లోపల మనుషులున్నారు. ఆ వెంటనే వార్డు సంఖ్య, సాహి పేరు, దగ్గరి గుడి గాని బడి గాని చెప్పాలి. ‘మా ఇంటి దగ్గర’ అన్నది చిరునామా కాదు. కంగారులో పదిమందిలో తొమ్మండుగురు ముందు చెప్పేది అదే! అవతలివారు పెట్టమనేదాకా ఫోను పెట్టేయరాదు. ఒకరు వీధి మలుపులో నిలబడి బండికి దారి చూపాలి. సందులో అడ్డంగా నిలిపిన మోటారు సైకిళ్లను ముందే తీయించాలి. లోపలి మనుషులకు ప్రమాదం లేకుండా వీలైతే మెయిన్ స్విచ్ ఆపాలి. విద్యుత్తు పారుతుండగా నీళ్లు చల్లకూడదు.

ఇక బావి. ఈ విషయాన్ని నేను కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మంచితనమే మనుషులను చంపుతుంది. పాతబావిలోనో, మరుగుదొడ్డి ట్యాంకులోనో ఒకడు దిగి కుప్పకూలుతాడు. వానిని చూచి తమ్ముడు దిగుతాడు. తమ్ముని చూచి పక్కింటివాడు దిగుతాడు. ఒకే ట్యాంకులో ముగ్గురు, నలుగురు పోయిన వార్తలు దేశంలో ఏటా చదువుతూనే ఉన్నాము. గాలి ఆడని లోతులో బొగ్గుపులుసు వాయువు అడుగున పేరుకొంటుంది. మురుగు ఉన్నచోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది గాని, మోతాదు పెరిగితే వాసన తెలిసే శక్తినే చంపివేస్తుంది. వాసన లేదు గనుక ఫరవాలేదని దిగినవాడు పైకి రాడు. లాంతరు దింపి దీపం ఆరితే ప్రమాదమని మన తాతలు పరీక్షించేవారు. మురుగు ట్యాంకులో ఆ పని చేయకండి. అక్కడ మీథేన్ ఉంటే మంట పేలుతుంది.

అగ్నిమాపక సిబ్బంది ఎందుకు తటపటాయిస్తున్నారని ఒడ్డున ఉన్నవారు కేకలు వేయడం సహజమే. వారు తటపటాయించడం లేదు. వీపున గాలి సిలిండరు, ముఖానికి తొడుగు, నడుముకు తాడు, పైన ఇద్దరు పట్టు. ఇవన్నీ సరిచూసుకొనిదే దిగరు. సిలిండరులో గాలి కూడా కొద్దిసేపటికే సరిపోతుంది. పోలీసులు చేసే పని అంతకంటె చిన్నదిగా కనిపిస్తుంది: జనాన్ని వెనక్కి నెట్టడం. నిజానికి వట్టి ఒడ్డు ఉన్న బావి చుట్టూ పదిహేనుమంది చేరితే ఆ బరువుకే అంచు విరిగి లోపలివాని మీద పడవచ్చు. లాఠీ చూపితే కోపం తెచ్చుకోకండి.

మరుగుదొడ్డి ట్యాంకుల విషయంలో ఇంకొక మాట. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరము. కూలి తక్కువవుతుందని ఒప్పుకొనే యజమానులు మనలోనూ ఉన్నారు. ఈ మాట వినడం కొందరికి ఇష్టం లేకపోవచ్చు. అయినా చెప్పక తప్పదు, దిగేవాడు కూడా తరచుగా పొట్టచేత పట్టుకొని వచ్చినవాడే.

రోడ్డు ప్రమాదాలలో సాయం చేయడానికి పోలీసు భయం వలన వెనుకాడేవారికి క్లుప్తంగా చెబుతాను. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేరింది. సద్బుద్ధితో గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చినవారిపై కేసు పెట్టడానికి వీలులేదు, పేరు చెప్పమని ఒత్తిడి చేయడానికీ వీలులేదు.

సభ ద్వారం దగ్గర ఒడియా వ్రాయడం వచ్చిన మన పిల్లలు కాగితాలతో కూర్చొన్నారు. మీ వార్డు, మీ సాహి, మీ ఇంటికి దగ్గరి గుర్తు వారికి చెప్పండి. ఒడియాలోనూ తెలుగులోనూ వ్రాసి ఇస్తారు. దానిని ఫోను ఉండే చోటనే గోడకు అంటించుకొనండి. ఇంట్లో నడవలేని పెద్దలు ఉంటే ఏ గదిలో ఉంటారో ఆ కాగితం కింద చేర్పించండి.