తీతువు ఎందుకు అరుస్తుంది?



ఈ రోజు హైదరాబాదు పక్కనున్న గండిపేట చెరువు పిట్టల గురించి మాట్లాడుకుందాం.

1908 సెప్టెంబరులో మూసీకి పెద్ద వరద వచ్చింది. హైదరాబాదులో వేలమంది చనిపోయారు. మళ్ళీ అలా జరగకూడదని మూసీకి అడ్డంగా ఆనకట్ట కట్టారు. 1920లో అది పూర్తయింది. అదే గండిపేట చెరువు. ఉస్మాన్ సాగర్ అని కూడా అంటారు. వరద ఆపడానికి, నగరానికి మంచినీళ్ళివ్వడానికి కట్టారు. నీళ్ళున్న చోటికి పిట్టలూ వచ్చి చేరాయి.

పొద్దున్నే వెళితే నీటికాకి కనిపిస్తుంది. మునిగి చేపను పడుతుంది. తర్వాత రెక్కలు చాపి నిలబడుతుంది. ఎందుకో తెలుసా? దాని ఈకలు నీళ్ళలో తడిసిపోతాయి. మనం తడిచీర ఆరేసినట్టు అది రెక్కలు ఆరబెట్టుకుంటుంది.

చలికాలంలో సూదిలాంటి తోక ఉన్న బాతులు వస్తాయి. హిమాలయాల అవతలి చలిదేశాల నుంచి ఎగిరి వస్తాయి. ఎండలు ముదిరేలోపు తిరిగి పోతాయి.

ఒడ్డున తీతువు తిరుగుతుంటుంది. "తీతువు అరిస్తే చావు కబురు వస్తుంది" అంటారు కదా! రాళ్ళేసి తరుముతారు. కాని దాని సంగతి చూడండి. అది చెట్టు మీద గూడు కట్టదు. నేలమీదే, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. మామూలుగా నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్లని మచ్చలుంటాయి. కుక్క వచ్చినా, పాము వచ్చినా, మనిషి వచ్చినా తీతువు అరుస్తుంది. రాత్రయినా అరుస్తుంది. తల్లీ తండ్రీ రెండూ కాపలా కాస్తాయి. పిల్లల్ని కాపాడుకునే అరుపు అది. అందులో అపశకునం ఏముంది?

పిట్టల్ని చూడడం పనిలేనివాళ్ళ పని అనుకోకండి. చెరువులో మురుగు కలిస్తే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. చేపలు చస్తాయి. చేపలు లేకపోతే నీటికాకి ఉండదు. ఆ నీళ్ళు మనకూ పనికిరావు. పిట్టలు తగ్గాయంటే చెరువుకేమైందో ఆరా తీయాలి.

మరి ఎన్ని తగ్గాయి? ఎప్పటినుంచి తగ్గాయి? రాసిపెట్టుకున్నవాళ్ళే చెప్పగలరు. మనకిప్పుడు రాయడం వచ్చు కదా! ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, చెరువు పేరు, పిట్ట పేరు, ఎన్ని ఉన్నాయి, ఈ నాలుగూ రాయండి. పేరు తెలియకపోతే ముక్కు రంగు, కాళ్ళ రంగు రాయండి. మన దేశంలో 1987 నుంచి ఏటా జనవరిలో నీటిపక్షుల్ని లెక్కపెడుతున్నారు. అందులో మామూలు జనం కూడా పాల్గొంటారు.

గండిపేట దాకా పోనక్కరలేదు. మీ ఊరి చెరువు చాలు. పొద్దున్నే వెళ్ళండి. చప్పుడు చెయ్యకండి. గుడ్ల దగ్గరికి పోకండి. పిల్లల్ని రాళ్ళు వెయ్యనివ్వకండి.

మీ చెరువులో ఏ పిట్టలున్నాయి? వచ్చేసారి కలిసినప్పుడు మీరు రాసింది చదివి వినిపించండి.