పాత బండి, పాల క్యాన్లు
(మండల సమాఖ్య మహాసభలో మా గ్రామ సంఘం తరఫున మాట్లాడినది)



పొదుపు, అప్పుల లెక్కలు నివేదికలో ఉన్నాయి, చూసుకోండి. మేము మా బండి సంగతి చెప్తాము.

అది హీరో హోండా సీడీ 100. 1985లో మన దేశంలోకి వచ్చిన మోడల్. మా సభ్యురాలొకామె భర్త పోయాక రెండేళ్లు పశువుల కొట్టంలోనే ఉంది. ఇనప సామాన్లవాడికి వేయడానికి ఆమెకు మనసొప్పలేదు. "సంఘం పాలు మోయడానికన్నా పనికొస్తుంది, తీసుకోండి" అంది. కానీ చోక్ వేస్తేనే స్టార్టయ్యేది, చోక్ తీస్తే ఆగిపోయేది. ఒకరోజు ఎండలో దారి మధ్యలో ఆగి రెండు క్యాన్ల పాలు విరిగిపోయాయి. ఆ పూట సంఘంలో పెద్ద గొడవే అయింది. షెడ్డుకు మూడుసార్లు పంపితే మూడుసార్లూ ప్లగ్గు మార్చి డబ్బు తీసుకున్నారు. నాలుగోసారి కార్బురేటరే కొత్తది వేయాలన్నారు. అప్పుడు మేమే విప్పుదామనుకున్నాం.

కార్బురేటర్ అంటే గాలిని, పెట్రోలును తగిన పాళ్లలో కలిపేది, అంతే. కింద చిన్న గిన్నె, అందులో తేలే ఫ్లోటు ఉంటాయి. ఇంటి మీద నీళ్ల ట్యాంకులో బంతి ఉంటుంది చూడండి, ఇదీ అదే పని చేస్తుంది. గిన్నె నిండితే ఫ్లోటు లేచి, సూదిని పైకి నెట్టి పెట్రోలు ఆపుతుంది. సూది మొన అరిగినా, నలక పడినా పెట్రోలు కారుతుంది. మా బండికి కారడం లేదు. చోక్ గాలిని తగ్గిస్తుంది. చోక్ మీదే నడుస్తోందంటే పెట్రోలు చాలడం లేదన్నమాట.

ఇంజను చల్లారాక, పొయ్యికి దూరంగా, ఆరుబయట, పెట్రోలు కుళాయి కట్టేసి విప్పాం. గాలి స్క్రూను ముందు మెల్లగా చివరిదాకా బిగిస్తూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి మినిట్స్ పుస్తకం వెనక రాసుకున్నాం (సీసీ మేడం ఏమీ అనుకోవద్దు). గిన్నె అడుగున బెల్లం పాకంలా జిగురు! నిలవ పెట్రోలు అలా అవుతుందట. చిన్న జెట్టును ఎండకు పట్టి చూస్తే వెలుతురే కనబడలేదు. ఒకామె పిన్నీసు తీసింది, ఆపాము. జెట్టు ఇత్తడిది, మెత్తన. రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగేస్తుంది. క్లీనర్ స్ప్రే కొట్టి, సైకిల్ పంపుతో గాలి పట్టాం. రబ్బరు రింగు కొత్తది వేసి, స్క్రూను బిగించి, రాసుకున్నన్ని చుట్లే వెనక్కి తిప్పాం. మొదటి కిక్కుకే అందుకుంది.

పది రోజులు నడిచింది. మళ్లీ ఆగింది! ఈసారి గిన్నెలో జిగురు కాదు, ఎర్రటి పొడి. ట్యాంకు లోపల తుప్పు. అది వదిలేసి జెట్టు ఎన్నిసార్లు కడిగితే ఏం లాభం? ట్యాంకు దించి, కడిగి, బాగా ఆరబెట్టి, పెట్రోలు పైపుకు చిన్న ఫిల్టర్ పెట్టించాం. అప్పటినుంచి పాలు వేళకు చేరుతున్నాయి. ఆ బండి ఇచ్చిన అక్కే ఇప్పుడు నడుపుతోంది.

విరిగిన రెండు క్యాన్ల డబ్బు ఎవరు భరించాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. వచ్చే నెల సమావేశంలో పెట్టుకున్నాం.